కొనొద్దన్న మనిషి

మన జాతీయ విమాన సంస్థ మళ్ళీ నష్టాల్లో కూరుకుపోయిందని మొన్న పేపర్లో చదివాను. చదవగానే నాకొచ్చిన మొదటి ఆలోచన దేశం గురించి కాదు. 'అమ్మో, ఇది ఆయన కంట పడితే ఇవాళ షాపులో ఇంకో పని జరగదు' అని. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఆయన పోయి ఎనిమిది నెలలైందని. చనిపోయినవాళ్ళకున్న కొద్దిపాటి సౌకర్యాల్లో ఇదొకటి. పేపరు రాదు.

యానాంలో ఆయన్ని అందరూ విమానాలాయన అనేవారు. విమానాలు నడిపాడని కొందరు, బాగుచేసేవాడని కొందరు అనుకునేవారు. నిజానికి ఆయన విమానం నడపలేదు, బాగుచెయ్యలేదు, అందులో కాఫీలు కూడా ఇవ్వలేదు. బొంబాయిలో ఆ సంస్థ ఆఫీసులో ఫ్లీట్ ప్లానింగ్ అనే సెక్షన్లో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు. ఏ విమానాలు కొనాలి, ఎన్ని కొనాలి, ఎప్పుడు కొనాలి అని లెక్కలు కట్టి పైవాళ్ళకి చెప్పడం ఆ సెక్షన్ పని. విని పక్కన పెట్టడం పైవాళ్ళ పని. రెండు పనులూ ముప్ఫై ఏళ్ళూ ఏ ఆటంకం లేకుండా సాగిపోయాయి. తర్వాత ఆయన రిటైరై, యానాంలోనే కనకాలపేటలో వాళ్ళ అక్కగారింటికి వచ్చేశాడు.

నేనప్పుడు రేవుకెళ్ళే దారిలో ఒక జెరాక్సు షాపులో టైపిస్టుని. వారానికి ఒక్కసారైనా వచ్చేవాడు, ఆ సంస్థ పెద్దలకి ఉత్తరం రాయించడానికి. ఆయన ఇంగ్లీషులో చెప్పేవాడు, నేను కొట్టేవాణ్ణి. ప్రతి ఉత్తరమూ 'తగిన గౌరవంతో' అనే మొదలయ్యేది. రెండో పేరా దాటేసరికి ఆ గౌరవం ఖర్చయిపోయేది. కోపం వస్తే ఆయన అరిచేవాడు కాదు. చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకునేవాడు. అది చూడగానే నేను బయట నిలబడ్డ జెరాక్సుల వాళ్ళతో, "మధ్యాహ్నం రండి," అని చెప్పేసేవాణ్ణి.

"అసలు మీ విమానాలకొచ్చిన కష్టమేంటండీ? ఎగురుతూనే ఉన్నాయి కదా," అన్నానోసారి.

ఆయన షాపంతా కలయజూశాడు. ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ మా ఓనరు కొనుక్కొచ్చిన మూడు ప్రింటర్లు మూడు మూలల్లో ఉన్నాయి.

"ఆ మూడూ ఒక కంపెనీవేనా?"

"కాదండి. మూడూ మూడు కంపెనీలు."

"ఇంకు?"

"దేనిది దానికేనండి."

"ఇవాళ ఎన్ని పనిచేస్తున్నాయి?"

"ఒకటండి. రెండోదానికి ఇంకు లేదు. మూడోదానికి ఇంకుంది గానీ ప్రింటరు చెడిపోయింది."

వాచీ జేబులోకి వెళ్ళిపోయింది.

"వీటికి రెక్కలు తగిలించుకో. అదే మా సంస్థ. ఒక్కోటి ఒక్కో రకం. దేని స్పేరు పార్టులు దానివి, దేని పైలట్లు దానికి, దేని మెకానిక్కులు దానికి. ఒకటి మూలపడితే పక్కదాని సామాను దీనికి పట్టదు. ఎవరు కొనమన్నారయ్యా ఇన్ని రకాలు?"

"మా ఓనర్నడిగి చెప్తానండి," అన్నాను.

ఆయన నవ్వలేదు. నా జోకులకి ఆయన నవ్విన సందర్భాలు చాలా తక్కువ. అయినా టైపింగుకి ఇంకో షాపుకి వెళ్ళలేదు. ఊళ్ళో ఇంకో షాపు లేకపోవడం దానికి కారణం కావచ్చు.

ఎక్కడికెళ్ళినా సీట్లు లెక్కపెట్టేవాడు. కాకినాడ బస్సులో, సినిమా హాల్లో, చర్చి ముందు వేసిన కుర్చీల్లో. మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో నా పక్కనే భోజనానికి కూర్చుని, అన్నం కలుపుకోవడం మానేసి మెడ చాపి చూశాడు. "మూడో బంతికి అరవై ఆకులేశారు. జనం పాతికమంది లేరు. మొదటి బంతికేమో చోటు చాలక నిలబెట్టారు. ఎవరయ్యా ప్లాన్ చేసింది?" అన్నాడు. ప్లాన్ చేసిన మా చిన్నాన్న ఎదురుగా సాంబారు బకెట్టుతో నిలబడి ఉన్నాడు. "పెద్దది కాదు కావల్సింది, సరిపోయేది," అని, ఎప్పుడూ అనే మాటే చిన్నాన్నకి కూడా చెప్పాడు. బకెట్టు గురించనుకుని చిన్నాన్న చిన్నది తెచ్చాడు.

ఉద్యోగంలో ఉండగా ఒక నోటు రాశాడట. ఫలానా పెద్ద విమానాలు మనకొద్దు, మన దారులకి నిండవు, చిన్నవి ఇప్పుడే కొనండి, ఆలస్యమైతే దొరకవు అని. ఎనిమిది నెలల లెక్కలు, నలభై పేజీలు. పైనించి ఆ నోటు తిరిగొచ్చింది. మార్జిన్లో ఒకే ఒక్క మాట: 'చూశాను.' కింద పొట్టి సంతకం.

"అంతేనాండి?"

"అంతే. నా సర్వీసు మొత్తానికి దొరికిన ప్రశంస."

"పోనీ, చూశారు కదండీ."

"అదే అనుమానం. నలభయ్యో పేజీలో ఒక తప్పు లెక్క కావాలనే పెట్టాను, ఎవరైనా చదువుతారేమోనని. ఎవరూ పట్టుకోలేదు."

మా షాపు నుంచి పోయిన ఉత్తరాలకి ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్క జవాబొచ్చింది. కవరు చింపకుండా షాపుకి తెచ్చి, నా ముందే చింపాడు. పోయిన తమ సామాను గురించి తమరు రాసిన ఉత్తరం అందిందని, విచారణ జరుగుతోందని, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని అందులో ఉంది.

"దొరికితే పంపిస్తార్లెండి," అన్నాను.

"నా సామాను కాదయ్యా పోయింది. వాళ్ళది," అని కవరు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

మా నాన్న పడవ సరంగు. వంతెన లేని రోజుల్లో యానాం రేవు నుంచి గోదావరి అవతల ఎదుర్లంకకి మోటారు పడవలు తిరిగేవి. వాటిలో రెండు మావి. పొద్దున్న కాలేజీ పిల్లలు, కూరలవాళ్ళు ఎక్కేవారు. సాయంత్రం, మా ఊళ్ళో మందు చవకని అట్నుంచి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేవారు. వీళ్ళు సీటులో సరిగ్గా కూర్చోరు కాబట్టి ఒక్కొక్కరిని ఒకటిన్నర కింద లెక్కవెయ్యమని ఆయన నాన్నకి సలహా ఇచ్చాడు. నాన్న ఆయన్ని గురువుగారనేవాడు. ఆయన నాన్నని సరంగూ అనేవాడు. మా నాన్నంటే ఆయనకి ఇష్టం. నాన్న నడిపే రెండు పడవలూ ఒకే రకానివి, ఒకదాని అడుగున తిరిగే ఫ్యాను ఇంకోదానికి పడుతుంది. ఆయన జీవితంలో చూసిన ఒకే ఒక్క సక్రమమైన ఫ్లీటు మాదేనని ఒకసారి అన్నాడు. ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి అమ్మతో ఈ మాట నాలుగుసార్లు చెప్పాడు.

తర్వాత గోదావరి మీద వంతెన పని మొదలైంది. మొదలవగానే మా పడవలకి గిరాకీ పెరిగింది. పనివాళ్ళు, ఇంజనీర్లు, వాళ్ళకి టీలు అమ్మేవాళ్ళు. వీళ్ళు కాక, కట్టే వంతెనని నీళ్ళమీంచి దగ్గరగా చూడాలని చుట్టుపక్కల ఊళ్ళనించి పిల్లాపాపలతో వచ్చేవాళ్ళు. ఆ జనాన్ని చూసి మా నాన్నకి గొప్ప ఆలోచన వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం అవతలి ఒడ్డుకి వెళ్తూ, చుక్కాని పట్టుకునే చెప్పాడు.

"గురువుగారండీ, ఈ రెండూ తీసేసి పెద్ద లాంచీ కొంటన్నానండి. ఎనబై మంది పడతారు. సూత్తన్నారుగా జనాన్ని. ఆయ్."

"ఈ జనమంతా ఎక్కడికి సరంగూ?"

"వంతెన కాడికేనండి. సగం పనోళ్ళు, సగం సూసేవోళ్ళు."

"వంతెన అయిపోయాక?"

నాన్న నవ్వాడు. "అవ్వాలి కదండీ! మావోడు పుట్టకముందు నించీ వత్తాది వత్తాదనే అంటన్నారు."

సరిగ్గా అప్పుడే మా పడవ ఒక స్తంభం పక్కనుంచి వెళ్తోంది. దాని నీడ మా ముగ్గురి మీదా పడింది.

"అదేంటి సరంగూ?"

"తంబవండి."

"ఎన్నున్నాయి?"

"లెక్కెట్టలేదండి."

"నేను పెట్టాను. నెలనెలా పెడుతున్నాను. నీ లాంచీ తయారై నీళ్ళలోకి దిగేసరికి దీని మీద బస్సులు తిరుగుతాయి. వంతెన కట్టడానికి వచ్చిన జనం వంతెనతోనే వెళ్ళిపోతారు. కొనొద్దు. ఈ రెండూ ఉంచుకో, వీటితోనే ఆఖరి రోజు దాకా సంపాదించుకో. పెద్దది కాదు కావల్సింది..."

"...సరిపోయేది," అని నేనందించాను.

ఆయన నా వైపు చూడలేదు. వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. "సరంగూ, నా మాట విను. ఒక్కసారి విను."

"మీకు ఇమానాలు తెల్సండి, మాకు గోదారి తెల్సండి," అన్నాడు నాన్న, ఎంతో మర్యాదగా. స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది. దాని వెనక ఇంకోటి వచ్చింది.

లాంచీ వచ్చింది. నీలం రంగు, తెల్ల గీత, పైన రేకు కప్పు. ఐదు నెలలు నిండుగా తిరిగింది. ఆ ఐదు నెలలూ నాన్న ఆయన దగ్గర టిక్కెట్టు డబ్బులు తీసుకోలేదు. జాలిపడి.

వంతెన తెరిచిన రోజు మా లాంచీకి ఎన్నడూ రానంత జనం వచ్చారు. ఊరందరికీ అదే సరదా. లాంచీలో అవతలికి వెళ్ళాలి, వంతెన మీద నడిచి రావాలి. మునుగుతుందేమో అన్నంతగా ఎక్కారు. నాన్న ఆనందం పట్టలేక రేవు మెట్ల మీద నిలబడ్డ ఆయన్ని చూసి అరిచాడు.

"సూసేరా గురువుగారండీ! వంతెనొచ్చినా తగ్గలేదు!"

"వచ్చేటప్పుడు ఎంతమంది సరంగూ?"

నాన్న వినపడనట్టు తాడు విప్పుకున్నాడు. నేను ఆ రోజంతా లాంచీలోనే ఉన్నాను కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. వచ్చేటప్పుడు నేనూ నాన్నా.

ఏడాది తిరక్కుండా లాంచీ ఇంజను పక్కనే అడవిపొలం ఊళ్ళో రొయ్యల చెరువుకి నీళ్ళు తోడుతోంది. కలప ఎటుపోయిందో తెలీదు. నాన్న ఆటో కొనుక్కుని అదే వంతెన మీద యానానికీ ఎదుర్లంకకీ మధ్య తిప్పడం మొదలుపెట్టాడు. జనాన్ని గోదావరి దాటించడమే తన వృత్తి అని, కాస్త ఎత్తు పెరిగిందంతేనని చెప్పుకునేవాడు. ఇల్లు నిలబడింది. 'నేను చెప్పలేదూ' అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాన్న పోట్లాడి తేలికపడేవాడు. ఆయన ఆటో ఎక్కి, ముందు ముగ్గురినీ వెనక ఐదుగురినీ లెక్కపెట్టి, "ఇది సరిపోయింది," అనేవాడు. నాన్న మూడురోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకనుకుంటాను, ఒక ఉదయం ఆయన పేపరు పట్టుకుని షాపుకొచ్చాడు. ఏళ్ళ తరబడి ఒక్క కొత్త విమానం కొనకుండా కూర్చున్న ఆయన సంస్థ, ఒక్కసారిగా బోలెడు విమానాలకి ఆర్డరిచ్చింది. వాటిలో చాలా పెద్దవి కూడా ఉన్నాయి. సరిగ్గా అదే సమయంలో దేశంలో ఉన్న ప్రైవేటు కంపెనీలన్నీ కూడా విమానాలు కొంటున్నాయి. నేను అడక్కుండానే కంప్యూటర్లో కొత్త పేజీ తెరిచి 'తగిన గౌరవంతో' అని కొట్టి ఉంచాను.

"వద్దులే," అన్నాడు.

వాచీ చేతికే ఉంది. నాకు మొదటిసారి భయమేసింది.

"పోనీ ఒక్క పేరా రాద్దామండి. గౌరవం వరకే."

"కొనమన్నప్పుడు కొనలేదు. వద్దన్నప్పుడు కొన్నారు. నా మీద కక్షతో చేశారనుకుందామంటే, అదీ లేదయ్యా. కక్ష ఉండాలంటే మనం చెప్పింది వినాలి కదా." ప్రింటర్ల వైపు తిరిగాడు. "అన్ని సీట్లు ఎవరితో నింపుతారు? నింపలేక ఖాళీగా తిప్పుతారు. తిప్పలేక ఆపుతారు. అప్పుడు పనివాళ్ళు ఎక్కువైపోయారంటారు. మా సెక్షన్లో ఉన్న పిల్లలంతా నాకు తెలుసు. ఇప్పుడు వాళ్ళు నోట్లు రాస్తుంటారు."

"చూస్తారులెండి," అన్నాను. అని నాలిక్కరుచుకున్నాను. ఆయన మాత్రం ఆ రోజు నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఉత్తరాలు రాయించలేదు. సీట్లు లెక్కపెట్టడం కూడా మానేశాడని వాళ్ళ అక్కగారు చెప్పింది. "అన్నం దగ్గర నోరు మూసుకుని తింటన్నాడు నాయనా, నాకేటో బెంగగా ఉంది," అంది. ఇరవై నాలుగు గంటలూ విమానాల గోల భరించలేక చస్తున్నానని ఊరంతా చెప్పుకున్న మనిషి ఆవిడే.

ఇంతలో యానాం రేవు అందంగా తయారైంది. ఆదివారాలు షికారుకి జనం రావడం మొదలెట్టారు. మా నాన్నకి మళ్ళీ ఆలోచన వచ్చింది. ఆటో అమ్మేసి, ఇరవై సీట్ల షికారు పడవ కొనాలి. అమ్మ ఒప్పుకోలేదు.

"ఆటో జోలికెళ్ళావంటే నేను మా పుట్టింటికి పోతాను," అంది.

"నా మాటా కాదు, నీ మాటా కాదు," అన్నాడు నాన్న. "పోయినసారి గురువుగారి మాట ఇనక ములిగాను. ఈసారి ఆరేం సెప్తే అదే. వద్దంటే పడవ మాటెత్తను. దేవుడి మీదొట్టు."

నాకూ అమ్మకీ ప్రాణం లేచొచ్చింది. ఆయన ఏం చెప్తాడో ఊళ్ళో ఎవరికి తెలీదు? అమ్మ సంతోషంగా ఆయన కోసం పండుగప్ప చేప కొనిచ్చింది.

ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. చాలా చిక్కిపోయాడు. నాన్న చేతులు కట్టుకు నిలబడి మొత్తం చెప్పాడు. ఒట్టు గురించి మాత్రం చెప్పలేదు, మగవాళ్ళకది నామోషీ. ఎన్ని సీట్లు, ఎన్ని ట్రిప్పులు, వర్షాకాలంలో ఎలా అని ఆయన ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని నేను ఎదురుచూస్తున్నాను. ఏమీ అడగలేదు. నాన్న ముఖంలోకి అలా చాలాసేపు చూశాడు.

"కొనుక్కో సరంగూ," అన్నాడు.

"నిజంగానాండీ?"

"కొనుక్కో."

నాన్న వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

వీధి చివరిదాకా వెళ్ళి, చేపల సంచీ మర్చిపోయానని చెప్పి నేను వెనక్కొచ్చాను.

"ఏంటండీ ఇది? ఆటో అమ్మేస్తాడండి."

"తెలుసు."

"ఆదివారం తప్ప ఎవరూ ఎక్కరు."

"ఆదివారం కూడా పన్నెండు మంది దాటరు. ఇలాంటి పడవలకే ఊళ్ళో ఇంకో ముగ్గురు బయానా ఇచ్చారు కూడా."

"మరెందుకు కొనమన్నారు?"

"వద్దంటే మానేస్తాడా ఏంటి?"

"మానేసేవాడండి. ఒట్టు పెట్టుకుని మరీ వచ్చాడు."

ఆయన నమ్మలేదు. నేను జోకేస్తున్నాననుకున్నాడు. ఇన్నేళ్ళూ నేను చేసిన పనికి అది తగిన ఫలితమే. మరోసారి చెప్పాను. అప్పుడు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయాడు.

"ఎవడూ విన్న పాపాన పోలేదు అబ్బాయ్. ఎలాగూ కొంటాడనుకున్నాను. నా మాట విన్న మనిషి ఎలా ఉంటాడో ఒక్కసారి చూద్దామనిపించింది." వీధి వైపు చెయ్యి చూపించాడు. "నువ్వెళ్ళి చెప్పు. ఆయనకి మతి పోయింది, వద్దంటున్నాడని చెప్పు."

చెబుదామనే ఇంటికెళ్ళాను. నాన్న అప్పటికే గుమ్మంలో నిలబడి అమ్మకి చెప్తున్నాడు. "గురువుగారే కొనమన్నారే! ఒక్క పెశ్న కూడా ఎయ్యలేదు. ఇంత పెద్ద మడిసి, నా ఆలోచనని ఒక్కమాట కాదన్లేదు!" అమ్మ నా వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. ప్రతిదానికీ ఏదో ఒకటి అనే నేను, నిజమేనన్నాను. అంతే. ఇంతకంటే సంజాయిషీ నా దగ్గర లేదు.

పడవ నీళ్ళలోకి దిగిన మొదటి ఆదివారం నాన్న స్వయంగా చెయ్యి పట్టుకుని ఆయన్ని ఎక్కించాడు. అప్పటికి పదకొండు మంది ఉన్నారు. ఆయన పన్నెండు. ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూడలేదు. నాన్న అరగంట పాటు గోదావరంతా తిప్పి చూపించాడు. దిగేటప్పుడు, "బాగుంది సరంగూ," అన్నాడు. రెండు నెలలకి పోయాడు. పాడె ముందు కొమ్ము పట్టింది మా నాన్నే. ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు రేవులో అలాంటి పడవలు నాలుగున్నాయి. నాలుగూ ఖాళీయే. అమ్మ పొరుగువాళ్ళ బట్టలు కుడుతోంది. పడవ అమ్మేసి మళ్ళీ ఆటో తీసుకుందామని నాన్నతో ఇప్పటికి పదిసార్లు చెప్పాను.

"అమ్మేత్తే గురువుగారి మాట తప్పయిపోద్దిరా," అంటాడు. "ఆరెప్పుడన్నా తప్పు సెప్పారా? లాంచీ అప్పుడు సెప్పింది జరగలేదూ? ఇది కూడా జరుగుద్ది. తప్పు నాది, నడపడం సేతగాక."

ఆయన నాతో ఏమన్నాడో నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే పడవ అమ్మేస్తాడు. ఇల్లు నిలబడుతుంది, గురువుగారు పడిపోతారు. పోయిన ఆదివారం కూడా చెబుదామనే రేవుకి వెళ్ళాను. ముగ్గురు ఎక్కి కూర్చున్నారు. ఎంతకీ నిండడం లేదని ఒకాయన దిగిపోయాడు. నాన్న మిగిలిన ఇద్దరికీ క్షమాపణ చెప్పి, మోటారు స్టార్టు చేశాడు.